చేప మింగలేని గాలం ఏ నంబరు?

ప్రశ్న: మేం టెక్సస్‌లో, డాలస్ పక్కన ఇర్వింగ్‌లో ఉంటాం. మా అబ్బాయికి తొమ్మిదేళ్ళు. సమ్మర్ క్యాంపులో ఫ్లై ఫిషింగ్ నేర్చుకున్నప్పటి నుంచి సాయంత్రమైతే చాలు, దగ్గర్లో ఉన్న పార్కు చెరువుకి లాక్కెళ్తున్నాడు. పడేవన్నీ అరచేతిలో పట్టే బ్లూగిల్ చేపలే. పట్టినవన్నీ వదిలేయాలని వాడి పట్టుదల. కానీ కొన్ని గాలాన్ని గొంతులోకి మింగేస్తున్నాయి. లాగితే రక్తం వస్తోంది. మొన్న ఒకటి వదిలాక వెల్లకిలా తేలింది, వాడు ఆ రాత్రి అన్నం తినలేదు. చిన్న చేపలు కదా అని 16 నంబరు ఫ్లైలు (ఈకలు, దారం చుట్టి పురుగులా తయారుచేసిన గాలాలు) కొన్నాను. ఏ నంబరు కొనాలి? వదిలిన చేప బతకాలంటే ఏం చేయాలి? భీమవరం నుంచి వచ్చిన మా అమ్మేమో "వదిలేసేదానికి పట్టడం ఎందుకే? పడితే వండు, లేదా వాటి జోలికి పోకు" అంటోంది. ఆవిడకి ఏం చెప్పాలి? ఇంతకీ నాకూ లైసెన్స్ కావాలా?
– ఒక తల్లి, ఇర్వింగ్

సమాధానం:

అమ్మా, ఆ 16 నంబరు ప్యాకెట్ పక్కన పెట్టేయండి. 10 నంబరు కొనండి. నీటి మీద తేలే ఫోమ్ ఫ్లైలు, పాపర్లు (లాగితే టప్పుమని చప్పుడు చేసే ఫ్లైలు) అయితే 8 తీసుకోండి. ఏది కొన్నా, మొనకి కాస్త వెనకగా ఉండే ఎదురుముల్లుని ప్లయర్‌తో నొక్కేశాకే బాబు చేతికి ఇవ్వండి. మీ ప్రశ్నలో సగానికి జవాబు ఇదే. కారణం కూడా తెలిస్తే రేపు షాపులో ఎవరు ఏం చెప్పినా మీరే తేల్చుకోగలరు కాబట్టి వివరంగా రాస్తున్నాను.

గాలాల నంబర్లు తలకిందులుగా నడుస్తాయి. నంబరు పెరిగేకొద్దీ గాలం చిన్నదవుతుంది. 16 కంటే 10 పెద్దది, 10 కంటే 6 పెద్దది. 1 దాటాక 1/0, 2/0 అంటూ ఇంకో వరస మొదలవుతుంది, అక్కడ మాత్రం నంబరుతో పాటు గాలమూ పెరుగుతుంది. అవి పెద్ద బాస్ చేపలకి, సముద్రపు చేపలకి. మీకు వాటితో పనిలేదు. పైగా ఈ నంబర్లకి కంపెనీలన్నీ ఒప్పుకున్న ఒకే కొలత లేదు. రెండు కంపెనీల 10 నంబరు గాలాలు పక్కపక్కన పెడితే తేడా కంటికే కనిపిస్తుంది. అందుకని నంబరు చూసి ప్యాకెట్ తీసుకున్నా, మొనకీ కాడకీ (గాలంలో వంపు పైన నిటారుగా ఉండే భాగానికి) మధ్య ఎంత ఎడం ఉందో ఒకసారి చూడండి. చేప నోట్లో పట్టాల్సింది ఆ ఎడమే.

చిన్న చేపకి చిన్న గాలం అనుకోవడం సహజం. బ్లూగిల్ నోరు నిజంగానే చిన్నది. కానీ అది తినే తీరు వేరు. ఎర ముందుకొచ్చి కాసేపు కదలకుండా నిలబడి చూస్తుంది. నచ్చితే ఒక్కసారిగా నోరు తెరిచి, నీళ్ళతో పాటు ఎరని లోపలికి పీల్చేస్తుంది. 16 నంబరు ఫ్లై అంత తేలికైన వస్తువు ఆ నీళ్ళతో పాటు సరాసరి గొంతు దాకా పోతుంది. 10 నంబరు కూడా నోట్లోకి పోతుంది, కానీ చాలాసార్లు పెదవికో నోటి మూలకో తగులుకుని ఆగుతుంది. 8 నంబరైతే వేలెడంత పిల్ల చేపల నోట పట్టనే పట్టదు. టక్కుమని కొట్టి వెళ్ళిపోతాయి. బాబు "మిస్ అయింది!" అని గోల చేస్తాడు, చేయనివ్వండి. ఆ పిల్ల చేపలకి గాలం తగలకపోవడమే మనకి కావాల్సింది.

ప్యాకెట్ మీద 2ఎక్స్ లాంగ్, 3ఎక్స్ లాంగ్ అని ఉంటే అది కాడ పొడవు. 2ఎక్స్ లాంగ్ అంటే అదే నంబరు మామూలు గాలం కంటే కాడ పొడుగ్గా ఉంటుందని అర్థం. బ్లూగిల్‌కి ఇది చాలా ఉపయోగం. పొడుగు కాడ ఉంటే గాలం లోపలికి పోయినా కాడ చివర నోటి బయటికో, కనీసం పెదవుల దాకానో ఉంటుంది, ఫోర్‌సెప్స్‌తో (సన్నమూతి పట్టకారుతో) పట్టుకోవడానికి చోటు దొరుకుతుంది. పొట్టి కాడ గాలం ఆ చిన్న నోట్లోకి పోయిందంటే వెతుక్కోవాలి. నన్నడిగితే మీకు నంబరు ఎంత ముఖ్యమో కాడ పొడవూ అంతే ముఖ్యం.

పాపర్లు, ఫోమ్ సాలీళ్ళు మీ బాబుకి బాగా నచ్చుతాయి, చేప పైకొచ్చి కొట్టడం కళ్ళారా కనిపిస్తుంది కాబట్టి. వాటి లావు ఒళ్ళే చేప నోటికి అడ్డం పడుతుంది, లోపలికి మింగడం బాగా తగ్గిపోతుంది. కొనేటప్పుడు ఒకటి చూడండి. ఫోమ్ ఒళ్ళు మరీ లావుగా ఉండి మొన దాకా కిందికి దిగితే గాలం ఎడం మూసుకుపోతుంది. అప్పుడు చేప కొడుతుంది గానీ గాలం తగలదు. రబ్బరు కాళ్ళు మరీ పొడుగ్గా ఉంటే బ్లూగిల్ ఆ కాళ్ళు మాత్రం పట్టుకుని లాగుతుంది. కత్తెరతో కాస్త కత్తిరించండి.

చలికాలంలో నీళ్ళు చల్లబడితే చేపలు కిందికి దిగి మందంగా తింటాయి. అప్పుడు 12 నంబరు నింఫ్ (నీళ్ళలో మునిగే, పిల్ల పురుగులాంటి ఫ్లై) కావాల్సి రావచ్చు. కానీ పొడుగు కాడదే తీసుకోండి, అంతకంటే చిన్న గాలానికి పోకండి. చెరువు అడుగున నత్తలు తినే రెడ్‌ఇయర్ సన్‌ఫిష్‌కి బరువు చుట్టిన 10 నంబరు సరిపోతుంది. గ్రీన్ సన్‌ఫిష్‌కి ఒంటికి మించిన నోరు, 6 నంబరుని కూడా పట్టుకుంటుంది. క్రాపీ అనే చేప నోరు ఇంకా పెద్దది, 6 గానీ 4 గానీ వేయండి. దాని పెదవి కాగితమంత పల్చన, గట్టిగా గుంజితే చిరిగిపోతుంది. అది పడితే నెమ్మదిగా తీసుకోవాలని బాబుకి ముందే చెప్పండి.

ఇక ఎప్పుడు లాగాలి అన్నది. దీనికి మీ అమ్మగారి ఊరితో సంబంధం ఉంది. మన వైపు కాలవ గట్టున గాలం వేసేవాళ్ళు వానపాముని గుచ్చి, బెండు పూర్తిగా మునిగేదాకా ఆగి అప్పుడు లాగుతారు. చేప బాగా మింగిందంటేనే కూరకి దక్కుతుంది, అక్కడ అది సరైన పద్ధతే. ఫ్లైతో అలా ఆగితే మీరు చెప్పినట్టే అవుతుంది. దారం చివర కాస్త కదిలినా, ఆగినా, పక్కకి జరిగినా అదే క్షణం దారాన్ని బిగించాలి. కడ్డీ గాల్లోకి ఎత్తి గుంజక్కర్లేదు, చేత్తో దారాన్ని జానెడు వెనక్కి లాగితే చాలు. బాబు ఫోన్ వైపో బాతుల వైపో చూస్తూ గాలం నీళ్ళలో వదిలేస్తే మాత్రం ఏ నంబరు వేసినా చేప మింగేస్తుంది. చూడాలనిపించనప్పుడు గాలం నీళ్ళలోంచి తీసేయాలి. ఈ ఒక్క అలవాటు పడితే మీ కష్టం చాలావరకు తీరిపోతుంది. వానపాము ఎర కూడా ఈ పిల్లవాడికి వద్దు. తిండి రుచి తెలిసిన చేప దాన్ని వదలదు, లోపలికి దిగమింగుతుంది. ఈకా ఫోమూ అయితే రుచి లేదని తెలిసి ఉమ్మేయడానికే చూస్తుంది.

ఎదురుముల్లు నొక్కడం ఇలా. సన్నమూతి ప్లయర్‌తో మొన ఉన్న దిశలోనే పట్టుకుని నెమ్మదిగా నొక్కండి. అడ్డంగా పట్టి నొక్కితే మొన విరిగే ప్రమాదం ఉంది. నొక్కాక పాత టీషర్ట్‌లో గుచ్చి లాగి చూడండి. దారం పోగు పట్టకుండా జారి వస్తే పనైపోయినట్టే. ముల్లు లేకపోతే చేప జారిపోతుందేమోనని బాబు బెంగపడతాడు. దారం వదులు కాకుండా చూసుకుంటే పెద్దగా జారవు, ఒకటీ అరా జారినా అది తనంతట తానే నీళ్ళలోకి వెళ్ళిపోయిందన్నమాట, మీ చెయ్యి కూడా తగలకుండా. ఇంకో లాభం మీకోసం చెప్తున్నాను. తొమ్మిదేళ్ళ పిల్లవాడు కడ్డీ వెనక్కి విసిరినప్పుడు గాలం ఎవరి చెవికైనా గుచ్చుకోవచ్చు. ముల్లు లేని గాలం వచ్చిన దారినే బయటికి వస్తుంది. కళ్ళద్దాలు, టోపీ మాత్రం ఇద్దరికీ తప్పనిసరి. వాడికే కాదు, వెనక నిలబడే మీకు కూడా.

గాలం కట్టే సన్న దారాన్ని టిపెట్ అంటారు. దాని నంబర్లూ తలకిందులే, 4ఎక్స్ కంటే 6ఎక్స్ సన్నం. మీకు 4ఎక్స్ చాలు. మరీ సన్నది కడితే తెగుతుందన్న భయంతో చేపని చాలాసేపు ఆడించాల్సి వస్తుంది, ఒడ్డుకి వచ్చేసరికి అది పూర్తిగా అలసిపోతుంది. తెగితే గాలం నోట్లోనే ఉండిపోతుంది. బ్లూగిల్ దారం చూసి బెదిరే చేప కాదు, లావు దారానికీ పడుతుంది.

ఇప్పుడు చేప ఒడ్డుకి వచ్చింది. ముందు బాబు చేతులు తడవాలి. చేప ఒంటి మీద జిగురు పొర ఉంటుంది, బూజు, క్రిములు లోపలికి పోకుండా దాన్ని కాపాడేది అదే. పొడి చేత్తో పట్టుకున్నా, టవల్‌తో పట్టుకున్నా, గడ్డి మీదో కాంక్రీటు మీదో పడేసినా ఆ పొర చెరిగిపోతుంది. టెక్సస్ ఎండలో కాంక్రీటు ఎలా కాలుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. అలా పొర పోయిన చేప అక్కడికక్కడ చావదు, ఈదుకుంటూ వెళ్ళిపోయి కొన్ని రోజుల తర్వాత జబ్బుపడి చస్తుంది. మనం చూడం కాబట్టి బతికిందనే అనుకుంటాం. ఇంకో సంగతి, వెళ్ళేముందు మీరు బాబుకి సన్‌స్క్రీన్, దోమల స్ప్రే రాస్తారు కదా? రాయాల్సిందే. కానీ అరచేతులు సబ్బుతో కడిగించి, బాగా నీళ్ళు పోసి, ఆ తర్వాతే కడ్డీ ఇవ్వండి.

అన్నిటికంటే మంచిది చేపని అసలు పట్టుకోకపోవడం. ముల్లు నొక్కేసిన గాలం పెదవికి ఉంటే, చేప నీళ్ళలో ఉండగానే ఫోర్‌సెప్స్‌తో గాలం వంపు దగ్గర పట్టుకుని వెనక్కి తిప్పితే ఊడొస్తుంది. పట్టుకోవాల్సి వస్తే తడి అరచేతిని తల వైపు నుంచి తోక వైపుకి జరపాలి, అప్పుడు వీపు ముళ్ళు పడుకుంటాయి. ఎదురుగా పట్టుకుంటే గుచ్చుకుంటాయి, పిల్లవాడు ఉలిక్కిపడి చేపని కింద పడేస్తాడు. పొట్ట పిసకకూడదు, మొప్పల్లో వేలు పెట్టకూడదు. వల కొనాలనుకుంటే రబ్బరు పూతదో రబ్బరుదో కొనండి. ముడులున్న నైలాన్ వల జిగురు గీరేస్తుంది, రెక్కలు చీలుస్తుంది.

ఫొటో వద్దని చెప్పలేం, అమ్మమ్మకి చూపించాలని వాడి ఆశ. ముందు మీరు ఫోన్ కెమెరా తెరిచి సిద్ధంగా ఉండండి. చేప అప్పటిదాకా నీళ్ళలోనే ఉండాలి. వాడు ఎత్తగానే తీసేయండి, అయిదారు క్షణాల్లో మళ్ళీ నీళ్ళలోకి. గాలిలో మొప్పల రేకులు ఒకదానికొకటి అతుక్కుపోతాయి, చేపకి ఊపిరి ఆడదు. అలసిపోయి ఉన్నప్పుడు ఇది ఇంకా గట్టి దెబ్బ. బకెట్‌లో వేసి ఇంటిదాకా తీసుకెళ్ళి చూపించి మళ్ళీ తెచ్చి వదలడం మాత్రం మానిపించండి. అంత కొద్ది నీళ్ళలో ప్రాణవాయువు త్వరగా తగ్గిపోతుంది, నీళ్ళు వేడెక్కుతాయి.

వదిలేటప్పుడు విసరకూడదు. చేతిని నీళ్ళలోకి దించి నిటారుగా పట్టుకుంటే చాలు, ఓపిక వచ్చాక అదే వెళ్ళిపోతుంది. ముందుకీ వెనక్కీ ఊపడం కొందరు నేర్పుతారు. అక్కర్లేదు, చేప నోటి నుంచి మొప్పల వైపుకే నీళ్ళు పోవాలి, వెనక్కి ఊపితే ఊపిరికి అడ్డమే.

ఇంత చేసినా ఎప్పుడో ఒకటి మింగుతుంది. అప్పుడు గాలాన్ని బలవంతంగా లాగకండి. నోరు తెరిచి చూడండి, గాలం కనిపించి ఫోర్‌సెప్స్‌కి అందితే ఒక్కసారి తిప్పి చూడండి. అందకపోతే నోటికి వీలైనంత దగ్గర దారం కోసేసి, చేపని నీళ్ళలో వదిలేయండి. గుండె, మొప్పలు, పెద్ద రక్తనాళాలు అన్నీ ఆ గొంతుకి ఆనుకునే ఉంటాయి, లాగితే చిరిగేది అక్కడే. గాలం మింగిన బ్లూగిల్ మీదే శాస్త్రవేత్తలు ప్రయోగం చేశారు. గాలం పీకి వదిలిన వాటికంటే దారం కోసి వదిలినవే బాగా బతికాయి. వాటిలో చాలా చేపలు కొన్ని రోజుల్లో ఆ గాలాన్ని తమంతట తామే వదిలించుకున్నాయి కూడా. ఈ మాట బాబుకి తప్పకుండా చెప్పండి. లోపల గాలం ఉంచి వదిలేయడం వాడికి క్రూరంగా అనిపిస్తుంది. చేపకి మంచిది అదే.

వేళ కూడా చూసుకోవాలి. జూలై, ఆగస్టుల్లో సాయంత్రం నాలుగు, అయిదింటికి చిన్న చెరువు నీళ్ళు గోరువెచ్చగా ఉంటాయి. వేడి నీళ్ళలో ప్రాణవాయువు తక్కువ, పెనుగులాడిన చేపకి కావాల్సింది ఎక్కువ. తెల్లవారుజామున చల్లగా ఉంటుంది కదా అనుకుంటాం గానీ, పాచి బాగా పట్టిన చెరువుల్లో రాత్రంతా ఆ మొక్కలు కూడా ప్రాణవాయువు వాడుకుంటాయి, సూర్యోదయానికి అది బాగా తక్కువగా ఉంటుంది. చేపలు పైకొచ్చి నోళ్ళు తెరుస్తూ కనిపిస్తే ఆ రోజు గాలం వేయకండి. పాచి లేని చెరువైతే పొద్దున్నే వెళ్ళండి. మీ చెరువు మరీ చిన్నదీ పచ్చగా ఉన్నదీ అయితే ఎండ కాస్త ఎక్కాక, తొమ్మిది ప్రాంతంలో వెళ్ళడం మేలు.

వసంతంలో నీళ్ళు 70 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గరికి వచ్చేసరికి బ్లూగిల్ గూళ్ళు కడతాయి. ఒడ్డుకి దగ్గర్లో, లోతు తక్కువ చోట, పళ్ళెం ఆకారంలో గుంటలు గుంపులుగా కనిపిస్తాయి. మగ చేప తోకతో ఆ గుంట చేసి, గుడ్లు పొదిగి పిల్లలు ఈదేదాకా అక్కడే కాపలా కాస్తుంది. ఆ రోజుల్లో అది ఏది దగ్గరికొచ్చినా కొడుతుంది, బాబుకి వరసగా పడతాయి. కానీ కాపలా చేప లేని కాసేపట్లోనే మిగతా చేపలొచ్చి గుడ్లు తినేస్తాయి. గూళ్ళ దగ్గర పడితే అక్కడికక్కడే, వెంటనే వదలాలి. రెండు మూడు పట్టాక ఆ చోటు మార్చండి. గూళ్ళ జోలికి అసలు వెళ్ళకపోతే ఇంకా మంచిది.

మీ అమ్మగారి మాటకి వస్తాను. ఆవిడ అన్నదాంట్లో న్యాయం ఉంది, కొట్టిపారేయకండి. పట్టి వదలడం చేపకి కష్టం లేని పని అని నేను చెప్పలేను. ఎంత జాగ్రత్తపడ్డా కొన్ని చస్తాయి. అందుకే పట్టేవాళ్ళ మీద ఇంత బాధ్యత ఉంది. ఇక్కడ ఈ పద్ధతి రావడానికి కారణం, చిన్న నీళ్ళ మీద గాలం వేసేవాళ్ళు చాలామంది ఉండటం. అందరూ పట్టినదల్లా తీసుకెళ్తే ముందు పోయేవి పెద్ద చేపలే. బ్లూగిల్‌లో గూడు కాచే పెద్ద మగవి పోతే, చెరువులో చిన్న సైజువే మిగిలిపోతాయి. అలాగని వండుకోవడం తప్పు కాదు. బ్లూగిల్ బాగా పిల్లలు పెట్టే చేప. మధ్యరకం సైజువి కొన్ని ఇంటికి తెచ్చుకుంటే చెరువుకి నష్టం ఉండదు. టెక్సస్‌లో బ్లూగిల్‌కి రాష్ట్రవ్యాప్తంగా ఇన్ని అనీ, ఇంత పొడవు ఉండాలనీ నిబంధన లేదు. చెరువు గట్టున వేరే బోర్డు ఉంటే దాని ప్రకారం నడవాలి. మొప్పల నుంచి రక్తం ధారగా కారుతున్న చేపని వదిలినా బతకడం కష్టం. అలాంటిదాన్ని ఇంటికి తీసుకెళ్ళి మీ అమ్మగారి చేతికివ్వండి. పొలుసు తీసి, గాట్లు పెట్టి, ఉప్పు, కారం, పసుపు పట్టించి వేయిస్తే బ్లూగిల్ చాలా రుచిగా ఉంటుంది. ముళ్ళు ఎక్కువ, బాబుకి తీసి పెట్టాలి. ఆ చెరువు చేప తినొచ్చో లేదో మాత్రం ముందు సిటీ పార్కుల ఆఫీసులో అడగండి. క్రాపీ విషయంలో ఇలా కుదరదు. దానికి పది అంగుళాల కొలత ఉంది, అంతకంటే చిన్నదైతే ఏ స్థితిలో ఉన్నా వదలాల్సిందే.

వెల్లకిలా తేలిన ఆ చేప గురించి బాబుతో మాట్లాడారో లేదో రాయలేదు. "అది బతికే ఉంటుందిలే" అని చెప్పకండి. వాడు చూశాడు, వాడికి తెలుసు. ఈ ఉత్తరం వాడితో కలిసి చదవండి, పాత ఫ్లైలన్నిటి ముళ్ళూ వాడి ఎదురుగానే నొక్కండి. ప్లయర్ పట్టుకోవడానికి తొమ్మిదేళ్ళు సరిపోతాయి. 16 నంబరువి ఉంచుకుంటే ఎప్పుడో ఒకసారి కడతాడు, ఎవరికైనా ఇచ్చేయండి.

లైసెన్స్ సంగతి. టెక్సస్‌లో పదిహేడేళ్ళు నిండనివాళ్ళకి అక్కర్లేదు, బాబు నిశ్చింతగా పట్టొచ్చు. మీరు కూడా గాలం వేస్తే మీకు కావాలి. టెక్సస్ పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ వాళ్ళ వెబ్‌సైట్‌లోనూ, చేపల సామాను అమ్మే షాపుల్లోనూ తీసుకోవచ్చు. స్టేట్ పార్కుల్లో ఒడ్డు నుంచి పట్టేవాళ్ళకి ఏ వయసువాళ్ళకైనా లైసెన్స్ అక్కర్లేదు, ప్రవేశ రుసుము కడితే చాలు. మీకు దగ్గర్లో జో పూల్ సరస్సు ఒడ్డునే సీడర్ హిల్ స్టేట్ పార్కు ఉంది. చిన్న చెరువు వేడెక్కిన రోజుల్లో ఆ పెద్ద సరస్సుకి వెళ్ళండి. మీ అమ్మగారికీ ఒక కడ్డీ ఇవ్వండి. బెండు లేదు కాబట్టి దారం కదలగానే లాగాలని ఆవిడకి ముందే చెప్పాలి.